మెరుపులు ఆపేసి ఆడిన ఆట

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. రెండు చేతుల్లో ఇమిడిపోయే వస్తువును. ఒంటి నిండా మీటలు, లోపల రెండు బుల్లి మోటార్లు. తెర మీద ఏదైనా పేలితే ఆ మోటార్లు తిరుగుతాయి, నేను వణుకుతాను. సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్నవాడికి తాను యుద్ధంలో ఉన్నట్టు ఉంటుంది. నేను ఏ దేశంలో తయారయ్యానో నా అడుగున అచ్చువేశారట. అక్కడికి నాకు చూపు ఆనదు. పెట్టెలో పెట్టే ముందు ఒక అమ్మాయి నా మీటలన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూసి, అప్పుడు గానీ బాగుందని చెప్పలేదు. అందరూ అలాగే చేస్తారనుకున్నాను.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ప్రద్యుమ్న. 'ఆటవిడుపు' అనే ఛానెల్ పెట్టుకుని, కొత్త వీడియో గేమ్ వచ్చినప్పుడల్లా ఆడి, బాగోగులు చెబుతాడు. మంచి గొంతు. ఆయన 'బాగుంది' అంటే వేలమందికి బాగున్నట్టే.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. గుమ్మంలో చెప్పులు విడిచినంత సహజంగా, గేమ్ తెరవగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లేవాడు. తెర ఊగడం ఆపేసేవాడు. మెరుపులు, నిప్పురవ్వలు, పొగ అన్నీ సున్నాకు తెచ్చేవాడు. నా వణుకు కూడా ఆపేసి, హాయిగా ఆడుకునేవాడు. ఆట పూర్తయ్యాక, వీడియోలో చూపించడానికి మాత్రం అన్నీ మళ్లీ పూర్తిగా పెంచి, కళ్లు చికిలిస్తూ కాసేపు ఆడి రికార్డు చేసేవాడు. ఊరందరికీ ఆవకాయ వడ్డించి తాను మజ్జిగన్నం తినే వంటమనిషి ఉంటే అచ్చం అలాగే ఉంటుంది.

'అగ్నిలోయ' అనే గేమ్ వచ్చింది. ఒక్కరైనా ఆడొచ్చు, ఇద్దరు పక్కపక్కన కూర్చునైనా ఆడొచ్చు. ప్రద్యుమ్న ఎప్పటిలాగే ఆడాడు. ఎప్పటిలాగే మైకు ముందు కూర్చున్నాడు. "చూడండి ఈ మెరుపులు! కళ్లకు విందు. మొదటినుంచి చివరిదాకా ఆడాను, ఎక్కడా కళ్లు అలసిపోలేదు." అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

వీడియో కింద కామెంట్లు కురిశాయి. ఆడినవాళ్లు కొందరు మొత్తుకున్నారు: బాణం వేస్తే మంట, నడిస్తే మంట, మంటలో మన మనిషెక్కడో తెలియడం లేదు, తల తిరుగుతోంది అని. ఆడనివాళ్లు వాళ్ల మీద పడ్డారు: పాత టీవీలు పెట్టుకుని ఏడవకండి, చేతకాకపోతే వైకుంఠపాళి ఆడుకోండి అని. ఆడనివాళ్ల గొంతే పెద్దది. ప్రద్యుమ్నకు ఈ గొడవ ముద్దొచ్చింది. నచ్చిన కామెంటుకు తన కంట్రోలర్‌నూ ఆ గేమ్‌నూ బహుమతిగా పంపుతానన్నాడు.

లైవ్‌లో నన్ను చేతిలో పట్టుకునే చదివాడు. "కాకినాడ నుంచి సుహాసిని గారు రాశారు, వినండి. 'మా ఇంట్లోనూ ఒక వీరుడున్నాడు, మా మరిది. ఓడిపోయినప్పుడల్లా తప్పు మెరుపుల మీదికి నెడతాడు. ప్రద్యుమ్న గారు కళ్లు అలసిపోలేదన్నారంటే అలసిపోవు, అంతే.' సూపర్ మేడమ్! మీ మరిదిగారికి ఓ కళ్లజోడు కూడా పంపమంటారా?" అని పకపకా నవ్వాడు. ఆయనతో కలిసి ఎంతమంది నవ్వారో.

అలా నేను కాకినాడ చేరాను. అక్కడ టీవీ కింద అరలో ఒక ముసలి కంట్రోలర్ ఉంది. ఇంటి సంగతులన్నీ దానికి తెలుసు. సుహాసిని పెళ్లై వచ్చిన కొత్తలో ఎవరితోనూ కలవలేక గదిలోనే ఉండిపోయేదట. మరిది దినకర్ ఒక మధ్యాహ్నం తలుపు తట్టి, "వదినా, ఓ చెయ్యి తక్కువైందండీ, కాసేపు రండి" అని పిలిచాడట. అత్తవారింట్లో ఆమె గట్టిగా నవ్వడం ఆరోజే మొదలు. అప్పటినుంచి భోజనాలయ్యాక ఇద్దరూ ఆడని రోజు లేదు.

"మరి ఈ గేమ్ గురించి అతను చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పాడు. 'స్నేహితుడింట్లో ఆడొచ్చాను వదినా, ఏమీ కనబడట్లేదు, తలనొప్పితో రాత్రంతా పడుకోలేదు' అన్నాడు. 'ఓడిపోయుంటావులే' అంది. ఆ లైవ్ ఇద్దరూ ఈ గదిలోనే కూర్చుని చూశారు. కళ్లజోడు మాట వినగానే లేచి వెళ్లిపోయాడు. మళ్లీ నన్ను ముట్టుకోలేదు."

సుహాసిని ఒంటరిగానే గేమ్ పెట్టింది. లోయలో అడుగు వేసిందో లేదో తెర భగ్గుమంది. నేను ఆగకుండా వణుకుతూనే ఉన్నాను. ఆమె బొటనవేళ్లు దారి తెలియక గుండ్రంగా తిరిగాయి, చెమట పట్టాయి. "ఇదేంటిది... నేనెక్కడున్నాను?" అంది పైకే. కాసేపటికి నన్ను చాప మీద వదిలేసి, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకుంది. పక్క గదిలో దినకర్ బ్యాంకు పరీక్షకు చదువుకుంటున్నాడు. లేచి రాలేదు.

ఆదివారం లైవ్‌లో ప్రేక్షకులు ఫోన్ చేయవచ్చు. ఆమె చేసి, బహుమతి గెలిచిన సుహాసినినని చెప్పింది.

"ప్రద్యుమ్న గారూ, ఇందులో ఏమీ కనబడట్లేదండీ. మీరెలా ఆడారు?"

"అయ్యో మేడమ్, సెట్టింగ్స్‌లో అవన్నీ ఆపేసుకోలేదా? అవి పెట్టుకుని ఎవరాడతారండీ, తల పగిలిపోదూ? నేను ముందే ఆపేస్తాను."

"మరి ఆ మాట వీడియోలో చెప్పలేదేంటండీ?"

"ఎవరూ అడగలేదుగా మేడమ్!" నవ్వాడు. "మీరైతే అడగకుండానే పొగిడేశారు."

ఫోన్ పెట్టేసి ఆమె టీవీ ముందు కూర్చుంది. నన్ను తీసుకుని సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఒక్కొక్కటీ ఆపేసింది. మంటలు తగ్గాయి, పొగ పోయింది. అడుగున చిన్న వాగు, దాని మీద కర్రల వంతెన, అవతలి ఒడ్డు. ఎవరో ఓపికగా గీసిన లోయ. ఇంత చక్కని పనిమీద అంత మసి ఎందుకు పూశారో నాకు అర్థం కాలేదు.

ఆ వీడియో కిందే రాసింది, రాస్తూ పైకి చదువుకుంది. "నేను ఆడకుండానే రాశాను. మా మరిది చెప్పిందే నిజం." ఆ తర్వాత గుమ్మంలోకి వెళ్లింది.

"దినకర్, ఓసారి రావూ! అంతా ఆపేశాను. ఇప్పుడు శుభ్రంగా కనబడుతోంది."

అతను గుమ్మం దగ్గరే నిలబడి తెర వైపు చూశాడు. "బాగుంది వదినా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఇది కూడా ఆయన చెప్తేనే కనబడింది కదా." వెళ్లి పుస్తకం ముందు కూర్చున్నాడు.

ఆమె ఆడలేదు. నన్ను ముసలి కంట్రోలర్ పక్కన పెట్టింది. వారాలు గడిచాయి. కామెంటు కింద ఎవరెవరో ఆమెను 'ప్లేటు ఫిరాయించిన మేడమ్' అని వెక్కిరిస్తున్నారని భర్తతో చెబుతుంటే విన్నాను. ఆ ఇంట్లో వదినా మరిదీ పోట్లాడుకోలేదు. కూర వడ్డించనా అంటే చాలంటాడు. చొక్కాలు ఇస్త్రీకి వేయనా అంటే వేయమంటాడు. అంతవరకే.

ఒక మధ్యాహ్నం దినకర్ వచ్చి అర ముందు వంగాడు. చెయ్యి చాచి నన్ను అందుకున్నాడు. అతని వేళ్లు నా మీద పడటం అదే మొదటిసారి. మెత్తగా, నమ్మకంగా ఉన్నాయి. ఎన్నో ఆటలు ఆడిన వేళ్లు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. సుహాసిని తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అతను నన్ను బోర్లా తిప్పాడు. వీపు మూత తీసి, రెండు బ్యాటరీలూ బయటికి లాగాడు.

"హాల్లో గడియారం ఆగిపోయింది వదినా."

"తీసుకో," అందామె.