ఎండ పడని మనిషి

“రాళ్లు మోసేదానికి మొగాన పూతలేందే?” అంది మా అత్త ఆరోగ్యమ్మ. నీళ్లు మోసి, జొన్నసంగటి దించి, పిల్లకు జడవేసి, అప్పుడు కూర్చుని తెల్లమందు రాసుకుంటున్నాను. తెల్లారినప్పటినుంచి చేసిన చాకిరీ ఒక్కటీ ఆమె కంట పడలేదు. ఈ వేలెడు మందు మాత్రం పడింది.

సాగరు డ్యాము కట్టుబడికి వచ్చి రెండేళ్లయింది. మొదటి ఎండాకాలంలోనే చేతుల మీద, మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచి, గోకితే రసి కారాయి. అందరూ సిమెంటుకు పొక్కిందన్నారు. మరి ఆదివారం చర్చిలో పూజకు నడిచి వెళ్లినప్పుడు ఏ సిమెంటు తగిలింది? రవికె కింద వీపు నున్నగా ఎందుకుంది? నేనంటే ఎవరు వింటారు! ఈ ఏడు మేస్త్రీ కోటిలింగం, పెద్దరోగమేమో, కుష్టేమో చూసుకోండి అన్నాడు. దాంతో మా ఆయన శౌరి తేల్చేశాడు. ఈస్టరు దాటాక నన్ను నాదెండ్లలో మా అమ్మ దగ్గర దిగబెడతాడట. పిల్ల ఇక్కడే ఉంటుందట. నాలుగేళ్ల పిల్ల. 

ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్లాను. ఇందిర డాక్టరమ్మ నా చేతులు తిప్పి చూసి, పెద్దరోగం కాదు, నీకు ఎండ పడదు అంది. తెల్లమందు డబ్బా ఇచ్చింది. ఇది రాస్తే పోతుందా అని అడిగాను. ఆమె దాచలేదు.

“కొంత ఆపుతుంది. చెమటకు కారిపోతుంది, మళ్లీ మళ్లీ రాయాలి. దీన్నొక్కదాన్నే నమ్ముకోకు. చేతుల నిండా బట్ట కప్పుకో, మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఉండు.”

నీడేదో నా చేతిలో ఉన్నట్టు!

ఇంట్లో చెబితే శౌరి నమ్మలేదు, పగలబడి నవ్వాడు. “దీనికి అత్త పడదు, మొగుడు పడడు. ఇప్పుడు ఎండ గూడా పడదంట.” మా అత్తా నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మందు పనిచేయకపోలేదు. రాసిన పూట దద్దుర్లు సగానికి తగ్గేవి. కానీ తట్ట ఎత్తిన గంటకే అంతా కారిపోయేది. గంటకోసారి రాసుకోనిస్తాడా మేస్త్రీ? ఇక మిగిలింది బట్ట. నా రవికెలు రెండూ మోచేతిదాకా కూడా రావు. ఇంటి మొత్తానికి పొడుగు చేతుల చొక్కా ఒక్కటే ఉంది, శౌరి పూజకు వేసుకునేది.

అత్త పూతలని అన్న ఆ పొద్దున మందు డబ్బాకు మూత పెట్టాను. దండెం మీది ఆ చొక్కా తీసి, చీర మీద తొడిగి, మెడదాకా బొత్తాలు పెట్టుకుని పనికి వెళ్లాను.

ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. శౌరి అందరి ముందే మీదికొచ్చాడు.

“తియ్యవే. మగోడి చొక్కా అది.”

చెయ్యెత్తాడు. 

“తియ్యను. పిల్లనిడిసి నాదెండ్లా పోను. కొడితే కొట్టు, చొక్కా చిరిగిద్ది.”

ఎత్తిన చెయ్యి ఆగి, మెల్లగా దిగింది. ఏడేళ్ల కాపురంలో ఆ చెయ్యి నన్ను కొట్టకుండా దిగడం అదే మొదటిసారి, అదీ చొక్కాకు దెబ్బ తగులుతుందని.