ఏడు బి, ఇరవై ఏడు

బడి ఆఫీసు గదిలో కిటికీ పక్క బల్ల ఆవిడది. అందరూ ఆవిణ్ణి రిజిస్టరమ్మ అనేవారు. పిల్లల కొట్లాటలూ ఎదురు సమాధానాలూ లావుపాటి రిజిస్టరులో రాసే రోజుల్లో పడ్డ పేరది. రిజిస్టరు పోయి కంప్యూటరు వచ్చినా పేరు మాత్రం పోలేదు. టీచర్లు తరగతి, సెక్షను, రోల్ నంబరు వేసి, జరిగిన సంగతి రెండు ముక్కల్లో గిలికి, ఆ చీటీ ఆవిడ ట్రేలో పడేసేవారు. ఆవిడ ఎక్కించేది. ఒకరి మీద మూడు చేరినప్పుడల్లా ఇంటికో ఉత్తరం వెళ్ళేది. పది నిండితే పిల్లను హెడ్ మేడమ్ పిలిపించేది.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో తన చేతి మీదుగా ఒక్క పొరపాటు పోలేదని ఆవిడ నమ్మకం.

ఆ మంగళవారం ట్రేలో సైన్సు మాస్టారి చీటీ ఒకటి ఉంది. ఏడు బి, ఇరవై ఏడు. పక్కమ్మాయి జామెట్రీ బాక్సు కిటికీలోంచి విసిరేసింది. ఆవిడ నంబరు కొట్టింది. అలాంటి విద్యార్థి లేరంది కంప్యూటరు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిల్లను టీసీ ఇచ్చి పంపేసి పన్నెండు రోజులైంది. ఆ కాగితం అచ్చు తీసింది తనే.

చీటీ పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్ళింది. మాస్టారు అన్నం తింటున్నాడు.

"ఇది ఎప్పటిది మాస్టారూ?"

"ఇవాళ్టిదే. మూడో పీరియడు."

"ఆ పిల్ల బడి మానేసింది కదండీ."

"ఎవరు మానేసింది? పొద్దున్న నా ప్రాణం తోడేసింది." ఆయన ఎడం చేత్తో చీటీ తీసుకుని చూశాడు. "ఇది బి కాదమ్మా, డి. అసలు బి సెక్షనుకి నేను చెప్పనే చెప్పను."

ఆయన ఇంగ్లీషు డి పొట్ట దగ్గర నొక్కుకుపోయి ఉంది. ఎవరు చూసినా బి అనే చదువుతారు. కానీ ఎక్కించే ముందు తెరమీద పేరు కనబడుతుంది. ఈ పేరేనా అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆయన్ని అడిగి ఉంటే సరిపోయేది. ఆవిడ అడగలేదు.

పాత చీటీల కట్ట విప్పి నేల మీద పరుచుకుంది. ఆ పిల్ల మీద మొత్తం పదకొండు. పది సైన్సు మాస్టారివే. పదకొండోది హెడ్ మేడమ్ చేతిరాత. గదికి పిలిచి చేసినవి చదివి వినిపిస్తే ఒప్పుకోలేదని, అబద్ధాలాడిందని, బల్ల మీది కాగితాలు విసిరికొట్టి గాజు గ్లాసు పగలగొట్టిందని. ఆ రోజు బి సెక్షను టీచరమ్మ, "నా క్లాసులో బుద్ధిగానే ఉంటుందండీ," అని ఒక మాట అనబోయింది. ఇన్ని రాసి ఉంటే అబద్ధమెలా అవుతుందని ఆ మాట అక్కడే నొక్కేశారు. నొక్కేసినవాళ్ళలో రిజిస్టరమ్మ కూడా ఉంది.

హెడ్ మేడమ్ అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అక్షరం తప్పు పడింది. సరే, సవరించండి."

"పిల్లను వెనక్కి పిలిపిద్దాం మేడమ్."

"పదకొండోది నా కళ్ళముందు జరిగిందండీ. దాన్నెలా సవరిస్తారు?"

"చెయ్యని పదీ నెత్తిన రుద్దితే ఎవరికైనా కడుపు మండుతుంది కదా."

"మీరు ఎక్కించిందే నేను చదివాను," అంది హెడ్ మేడమ్, గొంతు పెంచకుండా.

రిజిస్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. తెర ముందుకు వచ్చి కూర్చుంది. ఎక్కినదాన్ని తీసేసే వీలు అందులో లేదు. కింద చిన్న అక్షరాల్లో 'సవరణ' అని రాసుకోవడమే. పదిసార్లు రాసింది.

సాయంత్రం ఫైల్లో ఉన్న చిరునామా వెతుక్కుంటూ వెళ్ళింది. మూడో అంతస్తులో ఒంటిగది. తల్లి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి, అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. పిల్ల గోడవైపు తిరిగి ఏదో రాసుకుంటోంది.

"బడినుంచి వచ్చానమ్మా," అంది రిజిస్టరమ్మ.

"ఇంకేం చేసింది?" అంది తల్లి వెంటనే.

నిలబడే చెప్పింది. తప్పు తనదేనని, పిల్ల ఏ పాపమూ ఎరగదని. చెప్పడం అయ్యాక తల్లి తన అరచేతులు చూసుకుంది.

"మొదటి ఉత్తరానికి తిట్టాను. రెండోదానికి చెయ్యి చేసుకున్నాను. మూడోది వచ్చాక దీంతో మాట్లాడ్డమే మానేశాను. నేను కాదే అమ్మా అని ఏడ్చింది. కాగితం అబద్ధమాడుతుందా అన్నాను." పిల్లవైపు తిరిగింది. "గువ్వా, విన్నావా?"

పిల్ల తల ఎత్తలేదు. "విన్నాను."

"రేపు నాతో రామ్మా. పెద్ద మేడమ్‌తో నేను మాట్లాడతాను," అంది రిజిస్టరమ్మ.

"వద్దండీ." పిల్ల గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది ఆవిడకు. ఒక తిట్టయినా తింటే కాస్త బరువు దిగేది. తల్లి మంచినీళ్ళు ఇచ్చింది.

మర్నాడు తప్పు తనదేనని సంతకం పెట్టి ఉత్తరం ఇచ్చింది. హెడ్ మేడమ్ దాన్ని ఫైల్లో పెట్టించింది. ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. డి సెక్షను పిల్లకు పది నమోదులూ ఒకేసారి ఎక్కాయి. ఆ ఇంటికి మూడు ఉత్తరాలూ ఒకే కవరులో వెళ్ళాయి. అది కూడా ఆవిడే అంటించింది. ఈసారి మాత్రం పేరు నాలుగుసార్లు చదువుకుంది.

గువ్వను రెండు బస్సులు మారి వెళ్ళే బడిలో వేశారని తెలిసింది. నాలుగు నెలల తర్వాత ఉండబట్టలేక తల్లికి ఫోను చేసింది.

"ఎలా ఉందమ్మా?"

"వెళ్తోందండీ. అక్కడి టీచర్లు ఇలాంటి పిల్లను చూడలేదంటున్నారు. ఎవరేమన్నా సరేనంటుంది. మొన్న ఎవరో చించిన పుస్తకానికి ఇది నిలబడి తప్పు ఒప్పుకుందట. నువ్వు చింపావా అని అడిగాను. లేదంది. మరెందుకు ఒప్పుకున్నావే అంటే, ఎలాగూ రాస్తారు కదమ్మా అంది."