ఇంటిపేరు లేని సంబంధం

ఆదివారం ఉదయం 8:20కి, బొబ్బిలిలో, గౌరీశ్వరి ఇంటి ముందు గదిలో పెళ్లిచూపులు మొదలవుతాయి. పెళ్లికొడుకులు ముగ్గురు. ముగ్గురూ మాత్రలే. ఒక్కొక్కరికి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

పెళ్లికూతురు కూడా మాత్రే. తెల్లగా, కందిపప్పు బద్దంత ఉంటుంది. పద్నాలుగు వారాలుగా గౌరీశ్వరి రోజూ టిఫిన్ తిన్నాక వేసుకునే మాత్ర అది. ఈరోజు ఇంకా వేసుకోలేదు. పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. కడుపులో కలిసి కాపురం చేయవలసినవాళ్లు ముందు బయట ఒకరినొకరు చూసుకోవాలని ఆసుపత్రి చీటీలో రాసి ఉంది.

గౌరీశ్వరికి 44 ఏళ్లు. జాకెట్లు కుడుతుంది. పోయిన శ్రావణంలో మంచం ఆమె వీపుకు అతుక్కుంది. నవారు మంచం, నాలుగు కోళ్లతో సహా. కుళాయికి వెళ్తే కుళాయికి వచ్చింది. రేషన్ షాపులో ఆమెతో పాటు వరుసలో నిలబడింది. విజయనగరంలో డాక్టరు మంచాన్ని చూసి, రోజుకొక తెల్ల మాత్ర రాశాడు. ఐదో వారం, మంగళవారం, మంచం బస్టాండులో ఆమె వీపు దిగి పార్వతీపురం బస్సెక్కింది.

అప్పటి నుంచి గౌరీశ్వరి మళ్లీ మిషను తొక్కుతోంది. నెలల తరబడి తొక్కని మోకాలు ఇప్పుడు నొప్పి పెడుతోంది. ఆమె భయం మోకాలి గురించి కాదు. ఏదో ఒకటి మింగితే మంచం తిరుగు బస్సెక్కుతుందేమోనని.

సంబంధం తెచ్చింది ఆడపడుచు పైడితల్లి. రెండిళ్ల అవతల ఉంటుంది. జంక్షన్లో మెడికల్ షాపువాడికి మోకాలు నొప్పి అని చెప్పింది. వాడు మూడు షీట్ల నుంచి ఒక్కో మాత్ర కత్తెరతో కత్తిరించి, కాగితం పొట్లం కట్టి ఇచ్చాడు. దాన్ని సెట్టు అంటారు.

"మూడూ ఒకేపాలి మింగీ వదినా. సాయంత్రానికి నీ మోకాలు పరుగెడతాది," అంటుంది పైడితల్లి.

"ముందు సూపులు అవనీ."

"కడుపులోకెల్లాక ఆలే సూసుకుంటారు. మీ అన్నయ్య నన్ను పందిట్లోనే సూసేడు. నానేటైనా అయిపోయేనా?"

"ఆ మాట అన్నయ్యనడగాల."

8:35కి ఆసుపత్రి ఫార్మసిస్టు సరళకుమారి కుట్టుమిషను సొరుగులోంచి బయటికి వస్తుంది. చేతిలో మందుల పుస్తకం ఉంది. విజయనగరం నుంచి ఇదే దగ్గరదారి అని చెప్పి, మంచినీళ్లు తాగి, మొదటి కుర్చీ వైపు తిరుగుతుంది. అక్కడ సగం పచ్చ, సగం పసుపు గొట్టం మాత్ర కూర్చుని ఉంది.

"బాబూ, మీ ఇంటిపేరు?"

"తెలీదండి. కత్తెరలో పోయింది."

"మీవాళ్లెవరూ రాలేదా?"

"షీటులోనే ఉండిపోయారండి. నన్నొక్కణ్నే పంపారు."

మిగతా ఇద్దరూ అదే చెబుతారు. సరళకుమారి మిషను దారం కొస పట్టుకుని కిటికీలోంచి విసురుతుంది. దారం వీధి దాటి, రైలు గేటు దాటి, జంక్షన్ చేరుతుంది. అది తిరిగి వచ్చేలోగా ఆమె పీట వైపు చూస్తుంది.

"అమ్మాయి ఇంటిపేరు?"

గౌరీశ్వరి పైడితల్లిని చూస్తుంది. ఇది బీపీ మాత్ర అని పద్నాలుగు వారాల కిందట ఆడపడుచుకు చెప్పి ఉంది. గోడ గడియారం 8:48 దగ్గర ఆగి వింటుంది.

"బీపీ," అంటుంది గౌరీశ్వరి.

పెళ్లికూతురు తల వంచుకుంటుంది.

"వంద అబద్ధాలాడైనా ఓ పెళ్లి సెయ్యమన్నారు," అంటుంది పైడితల్లి, ఎవరూ అడగకుండానే.

"అది మనుషుల పెళ్లికమ్మా," అంటుంది సరళకుమారి. "మాత్రల పెళ్లికి ఒక్క అబద్ధం చాలు, అంబులెన్సు రావడానికి."

గౌరీశ్వరి చీర కొంగు వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది. "దిగులుకిచ్చిన మాత్ర," అంటుంది. "మనసుకిచ్చింది. బీపీ నాకు లేదు వదినా."

"ఓలమ్మ! నీ వీపు మీద మంచం నాకు కనపడనేదేటి? కుళాయికాడ దాని కోడు తగిలి నా బిందె సొట్టడిపోనాది. నువ్వే సెప్తావని సూస్తన్నాను."

"బిందె సంగతి అప్పుడే సెప్పొచ్చు కదా?"

"మంచమున్న మనిసితోటి గొడవేటి పెట్టుకుంతాను!"

ఇద్దరూ నవ్వుతారు. నాలుగు నిమిషాలు నవ్వుతారు. ఆ నాలుగు నిమిషాల్లో ఇంటి కప్పు రెండడుగులు పైకి లేస్తుంది. గడియారం కదులుతుంది.

9:05కి దారం మూడు షీట్లను కిటికీలోంచి లోపలికి లాగుతుంది. సరళకుమారి పేర్లు చదివి పుస్తకంలో చూస్తుంది.

"ఈ గొట్టం మాత్రదీ అమ్మాయిదీ ఒకే ఇంటిపేరు. ఒంట్లో ఇద్దరూ ఒకే సరుకును పెంచుతారు. కలిస్తే మోతాదు మించుతుంది. వణుకు, చెమటలు, జ్వరం, గుండెదడ. ప్రాణం మీదికి రావచ్చు."

గొట్టం మాత్ర లేచి పీట వైపు చేతులు జోడిస్తుంది. "చెల్లెమ్మా, తెలియక వచ్చాను."

రెండోది ఎర్ర మాత్ర. ఇంటిపేరు వేరు. అయినా ఈ ఇద్దరూ కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం ఉందని, డాక్టరును అడగకుండా ఇవ్వకూడదని సరళకుమారి చెబుతుంది. ఎర్ర మాత్ర కుర్చీ ఎత్తి గోడకు ఆనిస్తుంది.

పైడితల్లి జాకెట్లోంచి చిన్న సీసా తీస్తుంది. "దగ్గు మందమ్మా. పన్లో పనని తెచ్చేను."

సరళకుమారి సీసా తిప్పి చదువుతుంది. "ఇతనూ అన్నే."

"ఇంతమంది అన్నలేటి ఈ గుంటకి!"

మూడోది పారాసిటమాల్. ఇంటిపేరు వేరు, గొడవ లేదు, మోతాదు దాటకపోతే చాలు. పెళ్లికూతురు తల ఎత్తుతుంది. సంబంధం కుదిరిందని 9:20కి సరళకుమారి చీటీలో రాస్తుంది.

"నాకు బాగానే ఉంది కదమ్మా," అంటుంది గౌరీశ్వరి. "మోకాలు తగ్గినాక ఈ తెల్లదాన్ని కూడా పంపీవచ్చా?"

"ఇంటి ఆడపిల్లని ఒక్కరోజులో గెంటేస్తామా? డాక్టరు చెప్పినప్పుడు, కొంచెం కొంచెంగా సాగనంపాలి."

9:40కి గౌరీశ్వరి రెండు ఇడ్లీలు తిని, గ్లాసు నీళ్లతో వధూవరులను లోపలికి పంపుతుంది. 9:43కి ఆమె కడుపులో సన్నాయి మొదలవుతుంది. పైడితల్లి చెవి ఆనించి, తాళం తప్పలేదని నిర్ధారిస్తుంది.

పది గంటలకు వీధివాళ్లు వస్తారు. గడప దగ్గర చెప్పులు విడిచి, ఒక్కొక్కరుగా గౌరీశ్వరి నోట్లోంచి లోపలికి నడుస్తారు. పిల్లలను ఎత్తుకున్నవాళ్లకు ముందు దారి ఇస్తారు. అరటాకుల మోపు అడ్డంగా పట్టదు, నిలువుగా తిప్పి దించుతారు.

మధ్యాహ్నం 12:15కి లోపల రెండో బంతి నడుస్తోంది. పైడితల్లి గంటె పట్టుకుని వడ్డిస్తోంది. తొమ్మిదో ఆకు ముందు గౌరీశ్వరి రెండు కాళ్లూ మడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. పులిహోర మారు అడుగుతోంది.