రెండు దెబ్బలు కొడితే లైను

పిల్లకు కిచెన్ సెట్టు ఏ వయసులో కొనాలి అని ఫోన్లో వెతికాను. ఒకరు ఏడాదిన్నర అన్నారు, ఇంకొకరు రెండేళ్ళు అన్నారు, మరొకరు మూడు నిండాక, నోట్లో పెట్టుకునే చిన్న ముక్కలు లేకుండా చూసి కొనమన్నారు. మా అత్తమ్మ ఎలీశమ్మ ఒక్కతే సూటిగా చెప్పింది.

"డాక్టర్ సదువు అయినంక."

మా సాధనకు అప్పటికి ఏడాది పది నెలలు. చడ్డీ తిన్నగా వేసుకోవడం కూడా రాదు. దాని డాక్టర్ చదువయ్యేదాకా నేను ఆగాలట!

నేను ఎల్.బి.నగర్‌లో ఒక ల్యాబులో రక్తం తీస్తాను. రోజుకు నలభై మంది నన్ను చూసి భయపడతారు. కొత్తపేటలో మా ఇంట్లో మాత్రం భయపడేవాళ్ళు ఎవరూ లేరు. మా ఆయన ఫిన్నీని అడిగితే "అమ్మ ఎట్లంటే అట్ల" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ అతనికున్న అభిప్రాయం అదొక్కటే. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు ఇందిరాదేవిగారిని అడిగితే, "మా మనవడికి రెండున్నరకే కొన్నామమ్మాయ్. మర్నాడే ఆ బొమ్మ స్టవ్వు మీదెక్కి దేవుడి గూట్లో అగ్గిపెట్టె అందుకున్నాడు. ఇక మీ ఇష్టం" అన్నారు.

నాకు మాత్రం కొనాల్సిందేనని ఉంది. ఎందుకంటే పిల్ల నా వంటింట్లో ఏ వస్తువునూ దాని చోట ఉండనివ్వడం లేదు. పొద్దున డ్యూటీ హడావుడిలో కుక్కర్ విజిల్ కనబడదు. సాయంత్రం అది ఫిన్నీ బూటులో దొరుకుతుంది.

"ఆడుకునే వస్తువే గదా అత్తమ్మా, ఎందుకొద్దు?" అని ఒకరోజు కాస్త గట్టిగానే అడిగాను.

అత్తమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లలుండే ఒక కోచింగ్ హాస్టల్లో వంట చేస్తుంది. చీర కాస్త పైకి లాగి, పిక్కల మీద ఉబ్బిన నరాలు చూపించింది.

"ఇరువై రెండేండ్ల సంది పొయ్యి ముంగట నిలవడ్డ. సదువుకునే పిల్లలకు వండివండి పెట్టిన. నన్ను ఒక్కరు గూడ సదువుకో అనలే. గీ పిల్ల చేతిల గరిటె పడనియ్య. నేను బతికుండంగ పడనియ్య."

నాకు కోపం వచ్చింది. ఆ రోజు గిన్నెలు తోముతుంటే చప్పుడు కింది వాటాదాకా వినబడిందట.

వారం తిరక్కుండా అత్తమ్మ ఒక డాక్టర్ సెట్టు తెచ్చింది. సాధన స్టెతస్కోపును గుండ్రంగా చుట్టి నేల మీద పెట్టింది. దాని మీద మందుల గిన్నె పెట్టింది. సూదితో నీళ్ళు పోసి, థర్మామీటరుతో తిప్పి, ఒక వేలు నాకి, "ఉప్పు" అంది.

నేను అత్తమ్మ వైపు చూశాను.

"మందు తయారు చేస్తున్నది, మందు!" అని ఆమె అటు తిరిగిపోయింది.

మేం ముగ్గురం పనికి పోయాక పిల్లను చూసేది ఇందిరాదేవిగారే. ఆవిడ పెళ్ళికని నాలుగు రోజులు తెనాలి వెళ్ళారు. ఫిన్నీ సీసీ కెమెరాలు బిగించడానికి పొద్దున్నే పెద్ద అంబర్‌పేట్ పోతున్నాడు. నాకు సెలవు దొరకలేదు. ఇక పిల్ల హాస్టలుకే పోవాలి. అత్తమ్మ చాలా పరేషానైంది.

"వంటరూములకు తీస్కపోను. సదువుకునే రూముల కూసోవెడ్త. పుస్తకాలు చూస్తది."

నాలుగో రోజు మధ్యాహ్నం డ్యూటీ తొందరగా అయిపోతే పిల్లను తెచ్చుకుందామని నేనే వెళ్ళాను. పెళ్ళయి ఐదేళ్ళయినా ఆ హాస్టల్లోకి మమ్మల్ని ఆమె ఎన్నడూ రానివ్వలేదు. మెస్సు గుమ్మంలో ఆగిపోయాను. అత్తమ్మ ఎడమ చెయ్యి నడుం మీద పెట్టి, మోచేతంత గరిటెతో స్టీలు బేసిన్ మీద టంగ్ టంగ్ అని రెండు దెబ్బలు కొట్టింది. మెట్ల మీంచి ఎనభై మంది ఆడపిల్లలు దిగి, ప్లేట్లు పట్టుకుని లైను కట్టారు. వాళ్ళ వెనక వార్డెనమ్మ కూడా నిలబడింది.

"మాట్లాడొద్దు! ఎవరన్న అన్నం పారేస్తే ఊకోను!"

ఏడ్చి కళ్ళు ఉబ్బిన ఒక పిల్ల ఖాళీ ప్లేటు అక్కడే పెట్టి వెళ్ళిపోబోయింది. పేరు తేజస్విని. అత్తమ్మ ఆమె రెక్క పట్టుకుంది. "మార్కులు తక్కువొస్తే అన్నం గూడ తక్కువ తింటవా? కూసో ఆడ" అని రెండు ఆమ్లెట్లు వేసింది. చివర్లో గరిటెతో మూడు దెబ్బలు కొట్టింది. మూడు కొడితే కూర అయిపోయినట్టు. ఎవరూ మారుమాట్లాడలేదు.

ఇంట్లో మోకాళ్ళు పట్టుకుని మూలిగే మనిషేనా ఈమె అనుకున్నాను. సాధన చదువుకునే గదిలో లేదు. పొయ్యికి దూరంగా ఉల్లిగడ్డల బుట్ట పక్కన కూర్చుని, నోరు తెరుచుకుని నానమ్మనే చూస్తోంది. అందరూ తిని పోయాక, అత్తమ్మ అడుగున మిగిలిన అన్నం గిన్నెలోనే కలుపుకుని నిలబడి తింది.

"కూసుని తినరాదు అత్తమ్మా?"

"కూసుంటే మల్ల లెవ్వాలె గద."

సాధన రెండో పుట్టినరోజుకు మా ఇంట్లో ప్రార్థన, భోజనాలతో కృతజ్ఞత కూడిక పెట్టాం. బగారన్నం, చికెన్ అత్తమ్మే వండింది. హాస్టల్ నుంచి ఆరుగురు ఆడపిల్లల్ని కూడా పిలిచింది. పాస్టర్ విజయ్ కుమార్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. అబ్రాహాము దగ్గర బయలుదేరిన ఆ ప్రార్థన కొత్తపేట చేరేసరికి చికెన్ చల్లారేలా ఉంది. అందరం కళ్ళు మూసుకున్నాం.

టంగ్. టంగ్.

ఒక కన్ను తెరిచాను. కొత్త గౌనులో సాధన, చికెన్ బేసిన్ పక్కన, చేతిలో అసలు గరిటె. వెనక కూర్చున్న ఆరుగురు ఆడపిల్లలు తల మీద చున్నీలతో, మూసిన కళ్ళతోనే లేచారు. ప్లేట్లు తీసుకుని లైను కట్టారు. ఇది మా కూడికలో పద్ధతి కాబోలనుకుని ఇందిరాదేవిగారు కూడా భక్తిగా లేచి, చీర కొంగు తల మీదికి లాక్కుని, చివర్లో నిలబడ్డారు.

పాస్టర్ గారు కళ్ళు తెరిచి చూశారు. అబ్రాహాము కొడుకు ఇస్సాకు నుంచి ఒక్కసారిగా ఆమేన్‌కు వచ్చేశారు. "నేనెక్కడ నిలవడాలె?" అని అడిగారు.

"మాట్లాడొద్దు!" అంది సాధన.

అత్తమ్మ విసవిసా నడిచి వచ్చింది. గరిటె లాక్కుంటుందనుకున్నాను.

"దీనికెవరు నేర్పిండ్రు?"

"ఎవరూ నేర్పలేదండీ" అంది తేజస్విని, నవ్వు ఆపుకుంటూ. "అచ్చం మీలాగే చేస్తోంది. నడుం మీద చెయ్యి చూడండి."

సాధన ఎడమ చెయ్యి నడుం మీదే ఉంది. అత్తమ్మ వంగి ఆ చెయ్యినే చూసింది.

"వంటాట ఆడ్తలేదా ఇది?"

"లేదత్తమ్మా. నీలెక్క అయితున్నది" అన్నాను.

అత్తమ్మ గోడ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు సిగ్గేసింది. ఐదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను చూడని మనిషిని, నా బిడ్డ నాలుగు రోజుల్లో చూసేసింది.

మర్నాడు అత్తమ్మే చెప్పులేసుకుంది. "నడు, దుకాణానికి." దిల్‌సుఖ్‌నగర్‌లో బొమ్మల దుకాణమాయన ఐదు కిచెన్ సెట్లు ముందు పెట్టాడు. అత్తమ్మ ఒక్కొక్కదాని ముందు వంగి పరీక్షించింది.

"పొయ్యి పక్కన్నే నల్లానా? కాగిన నూనెల నీళ్ళు పడితే ఎట్ల?"

"అమ్మా, అది బొమ్మ."

"బొమ్మైతే? నేర్చుకునేటప్పుడే సక్కగ నేర్చుకోవాలె. గరిటె గింతనా? గీ గరిటెతోని ఎంతమందికి వడ్డిస్తది?"

నాలుగు వద్దంది. ఐదోది తీసుకుంది.

"మరి డాక్టర్ సదువో?" అన్నాను, ఊరుకోలేక.

"సదువుతది. తినకుంట సదువుతదా?"

ఇంటికొచ్చి హాల్లో ఒక మూలన పెట్టాం. ఫిన్నీ దాని తలుపు తిరగేసి బిగించాడు. సాధన చెయ్యి నడుం మీద పెట్టి రెండు దెబ్బలు కొట్టింది. అలవాటుగా అత్తమ్మ గరిటె కోసం చెయ్యి చాచింది.

"నాన్మా, లైను!"

అత్తమ్మ ప్లాస్టిక్ ప్లేటు పట్టుకుని నిలబడింది. సాధన ఖాళీ గరిటె అందులో వంచి, "కూచో" అంది. అత్తమ్మ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది. "తిను." ఆమె లేని అన్నం ముద్దలు చేసుకుని తింది. కూర్చోబెట్టి, అందరికంటే ముందు ఆమెకు ఒకరు వడ్డించడం నేను చూడడం అదే మొదటిసారి. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు కూడా.

"ఇంక జర ఎయ్యి బిడ్డా" అని ప్లేటు చాచింది.

సాధన మూడు దెబ్బలు కొట్టింది.

మారుమాట్లాడకుండా అత్తమ్మ లేవబోయింది. "కూసో అత్తమ్మా" అన్నాను. నా వంటింట్లోకి వెళ్ళి, నేను వండిన అన్నం, పప్పు ఆ పూట మొదటి ప్లేటు ఆమెకే పెట్టి తెచ్చాను.

కూర్చునే తింది. సగం తిన్నాక పప్పులో ఉప్పు తక్కువైందంది.