కుడివైపు దారి

సీటు ముందుకు జరిపింది. నడుం వెనక మడతపెట్టిన తువ్వాలు ఇరికించింది. లోపలి అద్దం, ఎడమ అద్దం, కుడి అద్దం. హ్యాండ్‌బ్రేకు వేసే ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. ఒక్కొక్కదాన్నీ వేలితో ముట్టుకుంటూ, ఎక్కాలు ఒప్పజెప్పే బడిపిల్లలా పైకే చెప్పుకుంది. సెలవులకని ఈ పరాయిదేశం వచ్చి ఇవాళ్టికి అయిదో రోజు. అయిదు రోజులుగా పొద్దున్నే ఆమె చేస్తున్న మొదటి పని ఇదే.

వెనక డిక్కీ మూసిన చప్పుడైంది. అద్దెకారు ఒకసారి కుంగి లేచింది.

"ఏం పెట్టారండీ, అంత బరువు?"

"నా కోటూ అదీ. పైన చలిగా ఉంటుందట," అంటూ భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఊఁ, పోనీ."

పోనిచ్చింది.

ఆమెకు యాభై మూడేళ్ళు. పెద్ద బట్టలకొట్టు వెనకగదిలో ఇరవై ఏడేళ్ళుగా ఆల్టరేషన్ పని. ప్యాంటు పొడవు తగ్గించడం, నడుం వదులు చేయడం, ఇంకెవరో వేసిన కుట్లు విప్పి, అక్కడ కుట్టిన ఆనవాలే లేకుండా మళ్ళీ కుట్టడం. కుట్టు కనబడిందంటే పని చెడినట్టే. కొట్లో అందరూ ఆమెను కుట్లక్క అనేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు. మెషిన్ దగ్గర ఎంత నిబ్బరమో, వీధిలో అంత పిరికి. రోడ్డు దాటాలంటే ఎవరైనా తోడు వచ్చేదాకా నిలబడేది.

అలాంటి మనిషిని పట్టుకుని ఆర్నెల్ల కిందట భర్త, "కారు నేర్చుకో," అన్నాడు.

ఆయన సిటీబస్సు డ్రైవరు. ముప్పై ఏళ్ళు నడిపాక కుడికన్ను మసకబారింది. లైసెన్సు తీసేసుకున్నారు. "బతుకంతా ఒకే రూటులో తిరిగాను. ఒక్కసారి పైదేశంలో, కొండల్లో, మనకు నచ్చినచోట ఆగుతూ పోవాలని ఉంది. నడిపేది నువ్వే."

"నేనా? మీకేమైనా మతిపోయిందా!"

గోదాము వెనక మైదానంలో మొదలుపెట్టారు. మొదటిరోజు పదకొండుసార్లు బండి ఆగిపోయింది. ఆమె స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చింది. కూరలో ఉప్పు తక్కువైతే గిన్నె విసిరే మనిషి ఆరోజు చిన్నమాట అనలేదు. "మెషిన్ తొక్కడంలేదూ? నీ పాదానికి లెక్క తెలుసు. క్లచ్చూ అంతే, మెల్లిగా వదులు," అన్నాడు. పైదేశంలో బళ్ళు కుడివైపున పోతాయని ఇటుకలు పేర్చి రోడ్డు గీశాడు. ఇంట్లో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, గొడుగు నిలబెట్టి కుడిచేత్తో పట్టించి, అదే గేరన్నాడు. కిందపెట్టిన మూడు చెప్పులు పెడల్స్. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆ గొడుగు గేర్లు మారుస్తూ ఇద్దరూ పగలబడి నవ్వేవారు. కాపురానికి వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఆయన తనకేసి అంతసేపు చూసింది ఆ ఆర్నెల్లే. ఆలస్యంగానైనా తనకూ ఆ ముచ్చట దక్కిందనుకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో చెప్పుకుంటే నవ్విపోతారు.

వచ్చిన మొదటిరోజు గేరు కోసం ఎడమచెయ్యి నాలుగుసార్లు తలుపుకు కొట్టుకుంది. కూడలిలోని గుండ్రటి తిన్నె దగ్గర బయటపడే దారి దొరక్క మూడు చుట్లు తిరిగింది. "తిరుగు, ఇంకో చుట్టు తిరుగు. మనకేం డ్యూటీ టైమవుతోందా," అన్నాడాయన. రెండోరోజు రెండు చుట్లు. నాలుగోరోజుకు ఒక్క చుట్టయినా పూర్తిగా తిరక్కుండానే బయటపడింది. సాయంత్రం కూతురు ఫోన్ చేసి అడిగింది. "అమ్మా, ఒక్కదానివే నడపగలుగుతున్నావా?"

"ఒక్కదాన్నేమిటే, మీ నాన్న పక్కనే ఉన్నారుగా."

కూతురు ఏదో అనబోయి, జాగ్రత్త అని పెట్టేసింది.

ఇవాళ దారి కొండెక్కుతోంది. ఒకపక్క రాతిగోడ, ఇంకోపక్క నడుమెత్తు కమ్మీ, దానవతల ఏమీ లేదు. వెనకనుంచి ఒక లారీ మీదమీదికొచ్చి హారన్ కొట్టింది. మునుపైతే బండి ఆపేసి, దిగి, ఇక నావల్ల కాదనేది. ఇప్పుడు ముందున్న వెడల్పాటి జాగా చూసి, సిగ్నలేసి, పక్కకు తీసి, లారీని పోనిచ్చింది. పోతూపోతూ లారీ డ్రైవరు చెయ్యెత్తాడు.

"చూశారా! నాకు చెయ్యెత్తాడు!"

"చూశాను," అన్నాడు భర్త. "ఇంక నీకు ఫరవాలేదు."

ఆ మాటకు ఆమె మొహం విప్పారింది. మలుపు తర్వాత మలుపు, రెండో గేరు, మూడో గేరు, మళ్ళీ రెండు. బట్ట సూది కింద తనంతట తాను జారుతున్నట్టు రోడ్డు చక్రాల కిందికి జారుతోంది. తనలోతానే ఏదో కూనిరాగం తీసింది.

మధ్యాహ్నానికి కొండమీది చిన్న ఊరు చేరారు. ఆయన జేబులోంచి కాగితం తీసి, ఎడమకు, మళ్ళీ కుడికి అని చెప్పాడు. ఆకుపచ్చ గేటున్న ఇంటిముందు ఆపమన్నాడు.

"ఎవరిల్లండీ?"

ఆయన ముందద్దంలోకే చూస్తూ చెప్పాడు. డిపోలో టికెట్ల సెక్షనులో పనిచేసి, ఏడేళ్ళ కిందట ఇక్కడికి వచ్చేసిన గుమాస్తాది. ఆమెకు గుర్తుంది. చలిదేశం పోతోందని ఆవిడ కొనుక్కున్న కోటుకు చేతులు పొట్టిచేసి ఇచ్చింది తనే.

"చూసి పోదామనా?"

"కాదు. నేను ఉండిపోతాను."

ఆమెకు మొదట అర్థం కాలేదు. ఎన్ని రోజులని అడగబోయింది. ఆయన మొహం చూశాక అడగలేదు. ఇంజను ఇంకా ఆడుతోంది. చెయ్యి చాపి తాళం తిప్పింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది.

"ఎన్నాళ్ళుగా?"

"ఆవిడ అక్కడున్నప్పటినుంచీ."

"అమ్మాయికి తెలుసా?"

"చెప్పాను. మూడు నెలలైంది."

ఒక్కదానివే అన్న కూతురి మాట ఇప్పుడొచ్చి గుచ్చుకుంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది.

"ఈ ఆర్నెల్లూ మీరు నాకు నేర్పింది ఇందుకా?"

"నిన్ను దారీతెన్నూ తెలీనిచోట వదిలేసి పోయానని రేపు ఎవరూ అనకూడదు కదా. నాకూ మనసొప్పొద్దూ? వెనక్కి నీ అంతట నువ్వు పోగలగాలి. అక్కడా, రేపు ఆస్పత్రికో బజారుకో... ఇంటిదగ్గరి కారు నీకే వదిలేశాను."

"రైలెక్కిస్తే పోయేదాన్ని," అంది. "ఇంటిదగ్గరే చెప్పినా పడుండేదాన్ని. అంత ప్రేమగా మాత్రం నేర్పకుండా ఉండాల్సింది."

గేటు తెరుచుకుంది. నెరిసిన జుట్టావిడ గుమ్మంలో నిలబడి, స్టీరింగు ముందున్న మనిషిని చూసి బిగుసుకుపోయింది. "బస్సులో వస్తానన్నావు కదా!" అంది ఆయనతో. ఆయన కారు దిగాడు. డిక్కీలోంచి పెద్ద సూట్‌కేసు దించుకున్నాడు. కోటూ అదీ. ఆవిడ రెండడుగులు ముందుకు వచ్చి, తడబడుతూ అంది. "మీరు... లోపలికొచ్చి మంచినీళ్ళయినా..."

"చీకటి పడకముందే కొండ దిగాలి," అంది ఆమె.

ఆయన కిటికీ దగ్గరకొచ్చి వంగాడు. "దిగేటప్పుడు రెండో గేరులోనే ఉండు. బ్రేకు అదేపనిగా తొక్కకు."

ఆ గొంతు మైదానంలో విన్న గొంతే. అది తట్టుకోలేకపోయింది. అద్దం పైకెత్తేసింది.

దిగడం మొదలుపెట్టాక వాన పట్టుకుంది. వైపరు మీట ఎక్కడో రెండుసార్లు తడిమి, మూడోసారి దొరకబుచ్చుకుంది. ఏడుపు వస్తుందనుకుంది. వచ్చింది. కానీ కళ్ళు తుడుచుకుంటూనే మలుపుకు ముందు గేరు తగ్గించింది, ఎదురుగా వస్తున్న బస్సుకు దారిచ్చింది. భయం వేస్తే బాగుండునని ఆమె ఎదురుచూసింది. భయం వేస్తే ఎక్కడైనా బండి ఆపేసి, నన్నిలా వదిలేశారని నలుగురూ వినేలా అరవొచ్చు. భయం రాలేదు. దాన్ని కూడా ఆయన ఒక్కొక్క పోగే విప్పి, ఆనవాలు లేకుండా తీసేశాడు. ఆమె పనితనమే ఆమెమీద చూపించాడు. ఆ తలంపుకు ఒళ్ళు మండిపోయి, ఎవరూ లేని కారులో, "దొంగమనిషీ!" అని గట్టిగా అరిచింది. ముప్పై ఏళ్ళలో ఆయన్ని ఒక్కమాటన్నది అదే మొదలు. అదీ ఆయనకు వినబడలేదు.

బస చేసిన ఇంటిముందు వెనక్కి తిప్పి, రెండు కార్ల మధ్య ఇరుకు జాగాలో ఒక్కసారికే పెట్టింది. బస నడిపే ముసలాయన కిటికీలోంచి చూసి చప్పట్లు కొట్టాడు. ఆయన భాష ఆమెకు రాదు. రాత్రి భోజనానికి రెండు వేళ్ళు చూపించి, సరేనా అన్నట్టు తలాడించాడు. ఆమె ఒక వేలు చూపించింది. ముసలాయన ఆ వేలుకేసీ, ఆమె వెనకున్న ఖాళీ మెట్లకేసీ చూసి, చప్పట్లు కొట్టిన చేతుల్ని మెల్లిగా దించుకున్నాడు.

గదిలోకి వెళ్ళి దీపం వేసింది. బీరువాలో ఆమె చీరలు తప్ప ఏమీ లేవు. పొద్దున ఆమె కారులో అద్దాలు సరిచూసుకునేలోగా అంతా ఖాళీ చేసి, హ్యాంగర్లు కూడా వరసగా సర్దిపెట్టే పోయాడు. మొహం కడుక్కుందామని స్నానాలగదిలోకి నడిచింది. కుళాయి పక్కన గాజుగ్లాసులో ఆయన గడ్డంబ్రష్షు నిలబడి ఉంది. ఎప్పుడూ కడిగి, దులిపి, ఆరబెట్టనిదే గది దాటే మనిషి కాదు. పొద్దుటి హడావిడిలో మరిచిపోయినట్టున్నాడు. కుచ్చు నిండా సబ్బునురగ ఎండి, తెల్లగా, గట్టిగా, ఒకవైపుకు ఒరిగి ఉంది.