రెండు కాగితాల మీదా పోతమ్మే

"ఇయ్యాల ఆళ్లిద్దరూ ఒకే గదిలో కూకుంతారు మావా. నాకు గుండె దడదడలాడతంది. ఏటో ఒకటి అవుతాది, సూడు."

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పొయ్యి మీద పెట్టిన టీ నీళ్లయినా కాగలేదు. వల భుజాన వేసుకుని గుమ్మం దాటబోతున్న ఎల్లారావు పెళ్లాం మాటకు ఆగాడు.

"ఏటవుతాది? ఆకాశం ఊడి పడతాదా?"

"అదైతే అందరి మీదా పడతాది. నా పిల్లలు పదిమందిలో మాటా మాటా అనుకుంతే నా ఒక్కదాని మీదే పడతాది."

"నువ్వు బయపడినన్ని తుపానులొచ్చుంటే ఈపాటికి ఇశాపట్నం సముద్రంలో ఉండును," అని నవ్వుకుంటూ ఎల్లారావు ఒడ్డుకు వెళ్లిపోయాడు.

నవ్వడానికేం, ఆయన నవ్వుతాడు. పోతమ్మ భయాలు జాలారిపేటలో అందరికీ తెలిసినవే. కూతురు ఈశ్వరి పద్మనాభం అవతల ఒక పల్లెలో సర్కారు ఆసుపత్రి నర్సు. బస్సు ఎక్కానని ఫోను చేస్తే, దిగానని మళ్లీ ఫోను వచ్చేదాకా పోతమ్మ గుక్కెడు నీళ్లు తాగదు. కొడుకు బాబీ ద్వారకా నగర్‌లో ఒక ఆరోగ్య బీమా కంపెనీలో పాలసీలు అమ్ముతాడు. వాడు హెల్మెట్ పెట్టుకున్నాడో లేదో చూడడానికి చెంగు బిగించుకుని సందు చివరిదాకా బండి వెనకే పరిగెడుతుంది. పేపర్లో ప్రమాదం వార్త కనబడిందంటే, ఐదో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ ఆఖరి అక్షరం దాకా చదివి, అందులో తన పిల్లల పేర్లు లేవని తేల్చుకున్నాకే మడత పెడుతుంది.

ఇన్ని రకాలుగా భయపడ్డ మనిషికి ఎన్నడూ తోచనిది ఒకటి జరిగింది. అక్కా తమ్ముడూ మాటలు మానేశారు. ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు.

అంతా ఒక పన్ను గురించి. ఆరోగ్య బీమా అమ్మే కంపెనీల మీద కాస్త పన్ను వేసి, ఆ డబ్బు ఇంక దేనికీ తియ్యకుండా సర్కారు ఆసుపత్రులకే ఖర్చు పెడితే ఎలా ఉంటుందో జనాన్నే అడిగి రమ్మని ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ ఆదివారం ఈశ్వరి అన్నం కలుపుకుంటూ ఆ వార్త చెప్పి, "ఎయ్యాల. ఎప్పుడో ఎయ్యాల్సింది," అంది. "మా ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్జు వారానికి రెండుసార్లు పడుకుంతాది. నా డబ్బుల్తో ఐసు కొనుక్కుని ఎల్తన్నాను."

"కంపెనీ దాని జేబులోంచి ఇత్తాదనుకున్నావేటి? పాలసీ రేటు పెంచుతాది. పెంచితే ఎవుడూ కట్టడు. కట్టకపోతే ముందుగా ఇంటికి పంపేది కొత్తగా సేరినోడిని. అంటే నన్ను," అన్నాడు బాబీ.

"కట్టినోళ్లని మాత్రం ఏం ఉద్ధరించేరు? గంగాలమ్మత్తకి మీ కంపెనీ ఏటిచ్చిందిరా?"

అంతే. బాబీ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాడు.

గంగాలమ్మది పక్కిల్లే. మొగుడు సముద్రంలో పోయాక ఎండుచేపలు అమ్ముకుని బతుకుతోంది. బాబీ అమ్మిన మొట్టమొదటి పాలసీ ఆవిడదే, ఫారం నింపింది కూడా వాడే. వేసవిలో ఆవిడకు ఆపరేషన్ అయితే, పాత జబ్బు సంగతి ఫారంలో రాయలేదని కంపెనీ పైసా ఇవ్వలేదు. అప్పట్నుంచీ బాబీ గంగాలమ్మ గుమ్మం ముందునుంచి రాడు, బండి తోసుకుంటూ వెనక సందులోంచి చుట్టు తిరిగి వస్తాడు. అది పోతమ్మ చూసింది. చూసి ఎవరితోనూ అనలేదు.

ముద్ద వదిలి లేచిన ఆ రోజు నుంచి పోతమ్మ ఇంట్లో పోస్టాఫీసు అయిపోయింది.

"అమా, ఆవిడికి సెప్పు, బాత్రూం కాళీ అయిందని."

"అమా, ఆ బాబుగారికి సెప్పు, నా చార్జరు అట్టుకెళ్లొద్దని."

ఇద్దరికీ మధ్య నాలుగడుగులు కూడా ఉండవు. చిన్నప్పుడు "అప్పా, అప్పా" అంటూ అక్క గౌను పట్టుకుని వదలని పిల్లాడు ఇప్పుడు 'ఆవిడ' అంటున్నాడు. ఆ మాట వినబడినప్పుడల్లా పోతమ్మ తింటున్న కంచం పక్కకు జరిపేస్తుంది. రేపు మేమిద్దరం పోయాక వీళ్లకి ఎవరున్నారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరికి కబురు చెప్పేదెవరు అని, జరగనివన్నీ ఒకటొకటిగా తెచ్చి ముందేసుకుంటుంది.

పోయిన వారం ఈశ్వరి ఒక కాగితం తెచ్చింది. పన్ను వెయ్యాలని కమిటీకి ఇచ్చే అర్జీ. "సంతకం ఎట్టమా," అంది. పోతమ్మ పెట్టింది. మర్నాడు బాబీ ఒకటి తెచ్చాడు. పన్ను వద్దని. "సంతకం ఎట్టమా." దాని మీదా పెట్టింది. ఒకరికి పెట్టి ఒకరికి లేదనడం ఏ తల్లి వల్ల అవుతుంది? ఇద్దరు దేవుళ్లకీ చెరో కొబ్బరికాయ కొట్టినట్టు కొట్టేసి, ఆ పూటకి గండం గడిచిందనుకుంది. ఆ కమిటీ ఊరూరా తిరుగుతూ తమ పేటకే వస్తుందనీ, రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పెడుతుందనీ ఆవిడ కలగన్నదా?

తొమ్మిదింటికి ఎల్లారావు వేటకెళ్లిన పడవ ఒడ్డు చేరింది. చేపల వేలంపాట మొదలవకముందే ఆయన గంపలో చేతులు పెట్టి రెండు దోసిళ్ల కానాగంతలు తీసి గంగాలమ్మ చాచిన గిన్నెలో పోశాడు. కాలు విరిగి మంచాన ఉన్న వీరన్న ఇంటికి ఇంకో దోసెడు. వీటిని కూర చేపలంటారు. వేటకెళ్లే మగవాడు లేని ఇంటికి, పాట కంటే ముందే తీసి పెట్టే చేపలు. పడవ యజమానిని ఎవరూ అడగరు. ఎందుకు తీశారని ఆయనా అడగడు. పోతమ్మ పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే అది. ఇవాళ మాత్రం ఆ దోసిలి వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఏటే, నా గిన్నెలో సేపలు లెక్కెడతన్నావా?" అంది గంగాలమ్మ నవ్వి.

"నేదొదినా. ఏటో ఆలోసన."

ఇంటికొచ్చి పులుసు పెట్టి, అన్నం వండి, క్యారేజీ కట్టింది. పిల్లలిద్దరూ పొద్దున్న టీ తప్ప ఏమీ ముట్టుకోకుండా వెళ్లారు. ఖాళీ కడుపుతో కోపం ఎక్కువవుతుందని ఆవిడ నమ్మకం.

పదకొండింటికి, కమిటీ సభ పెట్టిన తుపాను షెల్టరు కిక్కిరిసిపోయింది. కుడివైపు ఆసుపత్రుల వాళ్లు, వాళ్లలో ఈశ్వరి. ఎడమవైపు నీలం చొక్కాల బీమా వాళ్లు, వాళ్లలో బాబీ. ముందు వరసలో గంగాలమ్మ. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో క్యారేజీతో పోతమ్మ. పైన ఫ్యాను ఊగుతుంటే అది ఎవరి మీద పడుతుందోనని లెక్క వేస్తోంది. కుడివైపు పడితే ఈశ్వరి, ఎడమవైపు పడితే బాబీ.

కమిటీ మేడం కళ్లద్దాలు సవరించుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది.

"ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. పన్ను వెయ్యాలన్న అర్జీలోనూ, వద్దన్న అర్జీలోనూ ఒకే సంతకం ఉంది. పక్క గడిలోకీ కింద గడిలోకీ పాకిపోయింది కాబట్టి పొరపాటు పడే అవకాశం లేదు. పోతమ్మ గారంటే ఎవరమ్మా?"

"అమా!" అన్నారు అటునుంచీ ఇటునుంచీ ఇద్దరూ ఒకేసారి.

షెల్టరంతా గొల్లుమంది. "పోతమ్మ రెండు పక్కలా వలేసిందండోయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

పోతమ్మ లేచింది. ఒళ్లో క్యారేజీని గుండెకు హత్తుకుంది.

"తల్లీ, అది కూతురు తెచ్చింది, ఇది కొడుకు తెచ్చేడు. రెండూ నానే ఎట్టేను. దీనికి జైల్లో ఏత్తారేటి?"

మేడం కూడా నవ్వేసింది. "వెయ్యరు. కానీ ఒకటి కొట్టెయ్యాలి. ఏది ఉంచమంటారు?"

పోతమ్మ ముందు గంగాలమ్మ వంక చూసింది.

"నాకు కంపినీల సంగతి తెలీదమ్మా. పడవల సంగతి తెలుసు. పాట కంటే ముందు కూర సేపలు తీత్తాం. వేటకెళ్లే దిక్కు లేనోళ్ల ఇంటికి ఎల్తాయి. దానివల్ల పడవ మునిగిపోయిందని ఏ యజమానీ ఇన్నాళ్లలో అన్లేదు. వేట సరిగా పడనప్పుడు సిన్న సేపలు తీత్తాం. అంతే గాని మానం." ఆగి ఊపిరి తీసుకుంది. "అలాగని కూతురి కాయితం ఉంచీమందామంటే నా కొడుకు ఉజ్జోగం పోతాదంతన్నాడు. ఆడి ఉజ్జోగం పోతే ఆడు ఏటవుతాడో అని నాకు నిద్దర పట్టదు. అది నిజమైతే నాను ఆడి కాయితమే ఉంచుతాను, ఎవులేటనుకున్నా సరే. అందికని ఆడ్ని ఒక్కటి సెప్పమనండి. నిజంగా పోతాదా?"

మేడం నీలం చొక్కాల వైపు చూసింది.

"నాతో కాదు," అంది పోతమ్మ. "మీతోనూ కాదు. ఆళ్లప్పతో సెప్పమనండి. ఆడు నలబై రోజుల్నించి దానితో మాటాడ్నేదు. చిన్నప్పట్నుంచీ దాని మొకం సూసి అబద్దం ఆడ్లేడు."

బాబీ పక్కన కూర్చున్న మేనేజరు గొంతు సవరించుకుని, "మా కుర్రాడి తరఫున నేను..." అంటూ లేవబోయాడు. మేడం కూర్చోమన్నట్టు చెయ్యి చూపించింది.

ఇంక ఎవరూ నవ్వలేదు. ఫ్యాను కిర్రుమంటోంది. కిటికీలోంచి కెరటాల హోరు, ఎక్కడో ఒడ్డున ఐసు పెట్టెలు దింపుతున్న చప్పుడు. బాబీ లేచి నిలబడ్డాడు గానీ తల ఎత్తలేదు. మెళ్లో వేలాడుతున్న గుర్తింపు కార్డును చూపుడువేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. పోతమ్మకు తెలుసు ఆ చుట్టుకోవడం. పిడుగు పడినప్పుడు, ఎల్లారావు పడవ రావడం ఆలస్యమైనప్పుడు తను చెంగు అలాగే వేలికి చుట్టుకుంటుంది. ఇన్నాళ్లూ వాడిది కోపం అనుకుంది. అయ్యో, కోపం కాదు. తన దగ్గరి నుంచే వెళ్లింది అది వాడికి.

నీళ్లు కావాలా అని ఎవరో అడిగారు. వాడు వినలేదు. మేడం తొందరపెట్టలేదు, పెన్ను మూత పెట్టి పక్కన ఉంచింది. ఈశ్వరి కుర్చీలోంచి లేచి, వరసలు దాటుకుంటూ గంగాలమ్మ పక్కదాకా వచ్చి నిలబడింది. తమ్ముడికి ఎదురుగా.

"సెప్పరా," అంది మెల్లగా. "నాను తిట్టన్లే."

బాబీ తలెత్తాడు. ముందు గంగాలమ్మను చూశాడు, తరువాత అక్కను.

"పోతాదో లేదో నాకు తెలీదే అప్పా. మా కంపెనీవోళ్లు ఇక్కడ అలాగ సెప్పమన్నారు. గంగాలమ్మత్త పోరంలో జబ్బు కాలమ్ ఉందని నాకే తెలీదు, ఆ రోజు ఎవులూ సెప్పనేదు. నాకు బయవేత్తందే అప్పా."