మేనమామ నోటి మాట

పందికోరల జట్టుకు కోరలున్నాయి, కోరికలున్నాయి, లేనిదల్లా కరిచే ధైర్యం. వరసగా మూడో ఆట కూడా ఓడి, హాగెన్ పట్నం నుంచి లారీలో ఊరికి తిరిగొస్తుంటే వెనక కూర్చున్నవాళ్ళలో ఒక్కడూ నోరు విప్పలేదు. గెలిచే రోజుల్లో ఆ లారీ వస్తోందంటే కొండ అవతలి ఊరికి కూడా తెలిసేది. పాటలు, బూతులు, దారిన పోయే అత్తలందరికీ పేరుపేరునా పలకరింపులు. ఇప్పుడు మోగుతున్నది ఇంజనొక్కటే.

ముందు సీట్లో కోచ్ వాక్ వక్క నములుతున్నాడు. పేరుకు తగ్గ మనిషి, వాక్కు తప్ప వేరే ఆయుధం పట్టడు. కోచ్ పని నేర్చుకుందామని రాజధాని పోర్ట్ మోర్స్‌బీ వెళ్ళి, మెడలో ఈల, మొహాన చిటపట తగిలించుకుని వచ్చాడు. వెళ్ళకముందు కుర్రాళ్ళతో కలిసి చెరకు నమిలేవాడు, వాళ్ళ హాస్యాలకు వాళ్ళకంటే ముందు నవ్వేవాడు. వచ్చాక ఆయన చెప్పే శిక్షణలోంచి చివరి అక్షరం ఎక్కడో జారిపోయింది, మొదటి రెండే మిగిలాయి. బంతి వదిలితే తిట్టు. పట్టుకుంటే, ఇంతసేపెందుకు పట్టిందని తిట్టు. రగ్బీ లీగ్‌లో అవతలివాళ్ళు ఆరుసార్లు పట్టి పడేసేలోగా బంతిని గీత దాటించాలి. పందికోరల కుర్రాళ్ళకు అవతలి పదముగ్గురికంటే గీత బయట నిలబడ్డ ఒక్కడంటేనే హడలు. బంతి చేతికి రాగానే వాళ్ళు వెతికేది ఖాళీ ఎక్కడుందా అని కాదు, కోచ్ ఎక్కడున్నాడా అని.

ఈ సంగతి వాక్‌కు తెలుసు. తెలియనట్టు నములుతున్నాడు. ఎందుకంటే ఆయనకు తెలిసింది ఇంకొకటుంది. అది వక్కలా నమిలి ఉమ్మేసే రకం కాదు.

మొదటి ఓటమి రోజు జరిగిందది. మేనల్లుడు మెక్ జట్టులో ఫుల్‌బ్యాక్. అందరికంటే వెనక నిలబడి, అవతలివాళ్ళు ఆకాశంలోకి తన్నిన బంతిని కిందపడకుండా పట్టడం వాడి పని. ఆ రోజు చినుకులు పడుతున్నాయి. బంతి వాడి చేతుల్లోంచి సబ్బుబిళ్ళలా జారింది. విరామంలో వాడు గోల్‌పోస్టు దగ్గర నీళ్ళు తాగుతుంటే వాక్ వెనకే వెళ్ళి, ఎవరికీ వినపడకుండా, మెల్లగా అన్నాడు.

"నీవి మీ నాన్న చేతులేరా. ఆయనా పట్టుకోలేకే కదా పోయాడు."

మెక్ తండ్రి కగల్, వాక్‌కు అక్క మొగుడు. కిక్కిరిసిన లారీ వెనక తలుపు పట్టుకుని వేలాడుతూ వస్తూ, మలుపులో చెయ్యి జారి రోడ్డు మీద పడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఆ శవాన్ని ఇంటి ముందు దించినవాళ్ళలో వాక్ కూడా ఉన్నాడు.

అరిచి తిట్టిన తిట్లు అరగంటలో ఆరిపోతాయి. ఇది అరవలేదు కాబట్టే ఆరలేదు.

మెక్ సీసాకు మూత పెట్టి ఆటలోకి వెళ్ళిపోయాడు. తల్లి తోడబుట్టినవాణ్ణి నలుగురిలో వేలెత్తి చూపే మేనల్లుడు ఆ కొండల్లో ఇంకా పుట్టలేదు. మేనమామ దీవిస్తే ఒంటికి బలం, మేనమామ నోట పడితే ఒంటికి చేటు, ఎదురు చెప్తే ఆ చేటు రెట్టింపు. ఆ ఆచారం వాక్‌కు బాగా తెలుసు. నిజానికి దాని చాటునే దాక్కున్నాడు.

మూడో ఆట ఓడిన మర్నాడు కెప్టెన్ పుండియా వాక్ కాఫీ తోటకు వచ్చాడు. చచ్చిపోయిన కగల్‌కు సొంత తమ్ముడు. బీరువాలాంటి మనిషి, కాకపోతే తలుపుల్లేని బీరువా. లోపలున్నదంతా బయటికి కనపడుతూనే ఉంటుంది.

"బావా, మనం ఆట రాక ఓడిపోవట్లేదు," అన్నాడు.

"తెలుసు. ఒళ్ళు వంచక ఓడిపోతున్నాం."

"ఒళ్ళు కాదు బావా, కడుపు. మనలో ఎవడో కడుపులో కోపం పెట్టుకుని ఆడుతున్నాడు. అట్లా దాచుకుంటే పక్కవాడికి దెబ్బ తగుల్తుంది. మా తాత యుద్ధానికి పోయేముందు అందర్నీ కూచోబెట్టి కక్కించేవాడంట. పాత గెలుపుల పుణ్యాన సెమీఫైనల్ దాకా వచ్చాం, దానికి ముందు మనమూ కక్కేద్దాం."

"మోర్స్‌బీలో ఇట్లాంటివి నేర్పలేదే."

"నువ్వు మోర్స్‌బీ నించొచ్చాక మనమేం గెలిచాం గనక?"

వాక్ సరేనన్నాడు. వద్దంటే ఎందుకని అడుగుతారు.

ఆట ముందురోజు మధ్యాహ్నం పుండియా వాకిట్లో నిప్పు వేసి అందరూ చుట్టూ కూర్చున్నారు. తలా ఒక ఎర్రాకు. కోపం చెప్పి, ఆకు చించి, మంటలో వెయ్యాలి. మొదట లేచినవాడు డాక్టా. పేరుకే డాక్టా, రక్తం చూస్తే ముందు పడిపోయేది వాడే.

"టింబీగాడు నా బూట్లేసుకుని చర్చికెళ్ళాడు. నేను పొలానికేసుకునే రబ్బరు బూట్లతో వెళ్ళాల్సొచ్చింది. పాస్టరుగారు నన్ను చూసి, పాపులకి కూడా ఇక్కడ చోటుంది నాయనా అన్నారు. అప్పట్నించీ వీడికి బంతి ఇవ్వాలంటే చెయ్యి రావట్లేదు."

"అందుకా నాకెప్పుడూ మోకాళ్ళ కింద విసురుతున్నావు," అన్నాడు టింబి.

"నీకు కాదురా విసిరేది, నా బూట్లకి."

కొయ్ లేచాడు. గీత పక్కన పరిగెత్తే బక్కపిల్లవాడు. "మన కెప్టెన్ పంది మా చిలగడదుంపల చేను తవ్వేసింది. అడిగితే, పంది కూడా మన జట్టుదే కదా, సర్దుకోరా అన్నాడు."

"సాధన చేస్తోందనుకున్నా," అని పుండియా తన ఆకు తీశాడు. "నాకు కోపమంతా మా ఆవిడ మీదే. ఆవిడ జట్టులో లేదుగా, లెక్కలోకి రాదేమో."

"ఎందుకు రాదన్నా, మనందరికంటే గట్టిగా పట్టి పడేసేది ఆవిడేగా," అన్నాడు డాక్టా.

చాలా రోజులకు నవ్వారు. వాక్ కూడా నవ్వాడు, కాని ఆయన కళ్ళు మెక్ చేతిలోని ఆకు మీదే ఉన్నాయి. వాడు లేచి ఆకును చించకుండానే మంటలో వేశాడు.

"నా కడుపులో ఏం లేదు."

"మళ్ళీ చూసుకోరా," అన్నాడు పుండియా. "బంతి వదిలేస్తోంది నువ్వే."

"చూసుకున్నా బాబాయ్. ఏం లేదు."

వాడు వాక్ వైపు చూడలేదు. ఒక్క చూపు చూస్తే చాలు, అందరికీ అర్థమైపోయేది. అందుకే చూడలేదు. కొట్టినవాణ్ణి దెబ్బతిన్నవాడు కాపు కాస్తున్నాడు. ఆ కాపలా కింద కూర్చోవడం వాక్‌కు నిప్పుల మీద కూర్చున్నట్టుంది. అయినా తన వంతు రాగానే లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"నేను కాస్త ఎక్కువ అరుస్తాను. అది మీ మీద ప్రేమే అనుకోండి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆకు కాలింది. అబద్ధం మాత్రం పచ్చిపచ్చిగా అలాగే ఉంది.

సెమీఫైనల్ మొదలైన కాసేపటికే అవతలివాళ్ళకు కిటుకు తెలిసిపోయింది. వచ్చిన ప్రతి బంతినీ మెక్ నెత్తి మీదికి తన్నడమే. పైకి లేచిన బంతి కిందికి దిగే ఆ కాస్త వ్యవధిలో మెక్ కళ్ళు ఒక్కసారి గీత బయటికి వెళ్ళి వచ్చేవి. ఆ ఒక్కసారి చాలు, చేతులు ఆలస్యమయ్యేవి. విరామం దగ్గరపడుతుండగా జారిన ఒక బంతి మీదికి కొయ్ తనే దూకాడు. వాడి మీద ఇద్దరు కొండల్లాంటి వాళ్ళు పడ్డారు. మెడ కింది ఎముక విరిగిన చప్పుడు వాక్ నిలబడ్డ చోటికి వినపడింది.

విరామానికి పద్నాలుగు, సున్నా. సున్నా పందికోరలది. లారీ నీడలో ఎవరూ కూర్చోలేదు. కొయ్‌ను ఆస్పత్రికి పంపించి వచ్చిన పుండియా తిన్నగా మెక్ ముందు నిలబడ్డాడు.

"జెర్సీ విప్పు."

"బాబాయ్..."

"నువ్వు దాచావు, వాడు పడ్డాడు. నిప్పు ముందు కూచుని అబద్ధమాడినోడికి మా పక్కన చోటు లేదు. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ లేదు. రేపు మీ అమ్మ తన పందిని తోలుకెళ్ళి కొయ్ వాళ్ళకి ఇచ్చి తప్పు ఒప్పుకోవాలి. మా అన్న కొడుకువని ఊరుకోను."

మెక్ తల వంచి జెర్సీ పైకి లాగాడు. తల అందులో ఇరుక్కుని ఒక్క క్షణం మొహం కనపడకుండా పోయింది.

ఆ క్షణంలో వాక్‌కు ఒక ఆలోచన వచ్చింది. కుర్రాడు వెళ్ళిపోతే ఇంక చూడాల్సిన మొహమే ఉండదు, ఇంకెవరికీ తెలియదు, తను ఊరుకుంటే చాలు. ఆ ఆలోచన అంత హాయిగా రావడం చూసి ఆయనకే తన మీద రోత పుట్టింది.

"వేసుకోరా అది," అన్నాడు.

"నువ్వు ఉండు బావా. ఇది మా ఇంటి గొడవ."

"మీ ఇంటిదే. పెట్టింది నేను. వీడు దాచింది వీడి కోపం కాదు, నా తప్పు. వాళ్ళ నాన్న గురించి ఒక మాటన్నాను."

"ఏం మాట?"

"చెడ్డ మాటే."

"ఏం మాట బావా?"

ఊళ్ళో నోటిదూల అంటే వాక్, వాక్ అంటే నోటిదూల. అలాంటి నోరు ఆ రెండు వాక్యాలు మోయలేక తడబడింది. మధ్యలో ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఒక్క అక్షరం మెత్తబరచలేదు. మెల్లగా అన్నదాన్ని ఈసారి అందరికీ వినపడేలా అన్నాడు. అన్నాక, అది గోల్‌పోస్టు దగ్గర అన్నప్పటికంటే ఎంత పెద్దదో తన చెవులతో తనే విన్నాడు.

"మా అన్ననా," అన్నాడు పుండియా.

"ఊఁ."

"అన్న కొడుకుతోనా."

"ఊఁ."

పుండియా పిడికిలి ముడుచుకుంది. కాసేపటికి విప్పుకుంది. "కొట్టాలనుంది బావా. కొడితే నా చెయ్యి పోద్ది, ఇంకా సగం ఆటుంది. నువ్వు మాకు కనపడనంత దూరం పోయి కూచో. మిగతాది తర్వాత." మెక్ వైపు తిరిగి జెర్సీ కిందికి లాగి సరిచేశాడు. వాడి వీపు మీద చెయ్యి వేసి మైదానంలోకి తీసుకెళ్ళాడు.

వాక్ గుంపు వెనక్కి నడిచి, గొర్రెకొవ్వు వేయించి అమ్మే ముసలావిడ పక్కన కూలబడ్డాడు.

"కోచ్‌వి కదయ్యా, ఇక్కడేం చేస్తున్నావు?"

"ఇక్కణ్ణించి బాగా కనపడుతుందవ్వా."

"నా బాణలి తప్ప ఏం కనపడదు."

నిజమే. ఆటంతా చెవులతోనే చూశాడు. మొదట జనం గోల. తర్వాత ఎక్కడో డాక్టా గొంతు, టింబి మీద ఏదో విసురు, పదిమంది నవ్వు. ఆడుతూ నవ్వుతున్నారు. తన నోరు లేని చోట వాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. బంతి పైకి లేచినట్టు జనం ఊపిరి బిగబట్టినప్పుడల్లా వాక్ కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ప్రతిసారీ "మెక్" అని కేక. సంతోషించాలి. సంతోషించాడు కూడా. కాని ఆ కేక ఒక్కొక్కటీ, ఇన్నాళ్ళూ బంతిని జారవిడిచింది ఎవరి చేతులో చెప్పి వెళ్తోంది.

పన్నెండు, పద్నాలుగు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అయినా జనం వాళ్ళను భుజాల మీద ఎత్తుకున్నారు.

అందరూ లారీ ఎక్కుతుంటే మెక్ ఒక్కడే వచ్చాడు. మామా అనలేదు.

"అమ్మకి నువ్వే చెప్పాలి. బాబాయ్ నోటంట వినకముందే."

"చెప్తారా. కాస్త మెల్లగా, ఏదో ఒకలా..."

"ఏదో ఒకలా కాదు. నాకెట్లా చెప్పావో అట్లాగే."

"ఆవిడ తట్టుకోలేదురా."

"నేను తట్టుకోలేదా," అని వాడు వెళ్ళిపోయాడు.

లారీ కొయ్‌ను చూడడానికి ఆస్పత్రి వైపు మళ్ళింది, వాక్ ఎక్కలేదు. అడ్డదారిన ఊరికి నడిచి, తన ఇంటి దారి వదిలి, అక్క ఇంటి దారి పట్టాడు. నేమా గుమ్మంలో కూర్చుని చిలగడదుంపల చెక్కు తీస్తోంది. తమ్ముణ్ణి చూసి మొహం విప్పారింది.

"రా రా. వాడు బాగా ఆడాడంటగా, దారిన పోయేవాళ్ళంతా చెప్తున్నారు. అంతా నీ చలవేరా. కూచో, తిని పోదువుగాని."

"ముందు చెప్పేది విను అక్కా. తర్వాత తిండి పెట్టాలనిపిస్తే పెట్టు."

నేమా కత్తి పక్కన పెట్టి, తడి చేతులు పావడాకు తుడుచుకుని, వినడానికి ముందుకు జరిగింది.